చేతివేడి చెప్పిన రహస్యము: థామస్ యోహాన్ సీబెక్ జీవితము

మానవ దేహము రేయింబవళ్లు ఆరక మండు చిన్న పొయ్యి వంటిది. మనము తిను అన్నమే ఆ పొయ్యికి వంటచెరకు. ఏ పనియు చేయక ఊరక కూర్చున్న మనుష్యుని దేహమునుండి సైతము సుమారు 100 వాట్ల ఉష్ణము ఎడతెగక బయటి గాలిలోనికి పోవుచుండును. ఒక పెద్ద విద్యుద్దీపమును వెలిగించుటకు చాలునంతటి శక్తి యది. ఇంత శక్తి యెవ్వరికిని అక్కరకు రాక గాలిలో కలిసిపోవుచున్నదే! ఇందులో రవ్వంతయైనను విద్యుత్తుగా మార్చి, చేతి గడియారమునకో, నాడిని లెక్కించు చిన్న పరికరమునకో అందింపరాదా యని నేటి శాస్త్రజ్ఞులు ఆలోచించుచున్నారు. చర్మమునకు అంటియుండి, మణికట్టు వంగినపుడు తామును వంగుచు, బట్టవలె మెత్తగా నుండు పరికరములను పెక్కు దేశములలోని ప్రయోగశాలలయందు తయారుచేయుచున్నారు.

ఈ ప్రయత్నమంతటికిని పునాదిరాయి నిలిపినవాడు రెండు వందల యేండ్లకు పూర్వము బెర్లిన్ నగరమున నివసించిన థామస్ యోహాన్ సీబెక్. తన చేతివేడికి అయస్కాంత సూచిక కదలుచున్నదని గుర్తించి, దాని కారణమును వెదకినవాడతడు. అతడు కన్నది సత్యము. కన్నదానికి అతడు పెట్టిన పేరు మాత్రము సత్యము కాదు. తోటి శాస్త్రజ్ఞులు ఆ సంగతి చెప్పినను అతడు అంగీకరింపలేదు. అయినను అతని పరిశ్రమ వ్యర్థము కాలేదు. సిద్ధాంతము చెడినను ప్రయోగము ఏల నిలిచినదో తెలిసికొనుట విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థులకును, చదువు చెప్పు ఉపాధ్యాయులకును ఉపకరించును.

జననము, విద్యాభ్యాసము

సీబెక్ 1770 వ సంవత్సరము ఏప్రిల్ 9 వ తేదీన బాల్టిక్ సముద్రతీరమున నున్న రేవల్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణమే నేడు ఎస్తోనియా దేశమునకు రాజధానియై తాలిన్ అను పేర వెలయుచున్నది. నాడది రష్యా చక్రవర్తుల ఏలుబడిలో నుండెను. కాని అందలి వర్తకులలోను పండితులలోను పెక్కుమంది జర్మను భాష మాటలాడువారు. సీబెక్ తండ్రియు అట్టి సంపన్న వర్తకుడే. బాలుడు స్వగ్రామమున పాఠశాల చదువు ముగించి, ఉన్నత విద్యకై జర్మనీకి పోయి, బెర్లిన్ నగరమునను, గోటింగెన్ విశ్వవిద్యాలయమునను వైద్యశాస్త్రము నభ్యసించెను. 1802 లో గోటింగెన్ విశ్వవిద్యాలయము అతనికి వైద్యశాస్త్రమున డాక్టరు పట్టము నొసగెను.

పట్టము చేతికి వచ్చినను సీబెక్ వైద్యవృత్తిని చేపట్టలేదు. తండ్రి యార్జించిన ధనము అతనికి జీవనోపాధి చింత లేకుండ చేసెను. ఆ ధనమును భోగములకు వెచ్చింపక, దానితో తనకు కావలసిన తీరికను సంపాదించుకొని, తక్కిన జీవితమంతయు భౌతికశాస్త్ర పరిశోధనకు అర్పించెను. అతడు ఏ కళాశాలలోను ఆచార్యపీఠము నధిష్ఠింపలేదు. తన ఇంటనే పరికరములు కూర్చుకొని, తనకు తోచిన ప్రశ్నను తనకు తోచిన రీతిని పరిశీలించుట అతని అలవాటు.

జేనా నగర జీవితము

డాక్టరు పట్టము పొందిన యేడే సీబెక్ జేనా పట్టణమునకు తరలెను. ఊరు చిన్నదైనను ఆనాటి జర్మను మేధావులకు అది పుట్టినిల్లు వంటిది. తత్త్వవేత్తలైన షెల్లింగ్, హెగెల్ అచట బోధించుచుండిరి. సూర్యకాంతిలో ఊదారంగునకు ఆవల కంటికి కానరాని కిరణములు కలవని 1801 లో కనుగొన్న రిట్టర్ అచటివాడే. ప్రకృతి శక్తులన్నియు ఒకే మూలశక్తికి వేర్వేరు రూపములనియు, వెలుగు, వేడి, విద్యుత్తు, అయస్కాంతము ఒకదానితో నొకటి ముడిపడి యున్నవనియు ఆ మండలిలోని వారి నమ్మకము. ఈ నమ్మకము సీబెక్ మనస్సున గాఢముగా నాటుకొనెను. అతనికి దారి చూపినదియు, పిదప దారి తప్పించినదియు ఈ నమ్మకమే యని చెప్పవచ్చును.

జేనా సమీపముననున్న వైమారులో మహాకవి గేటే నివసించుచుండెను. గేటేకు కవిత్వముతోపాటు రంగుల శాస్త్రమునందును మిక్కిలి ఆసక్తి. తెల్లని వెలుగు సకల వర్ణముల సమ్మేళనమని న్యూటన్ చెప్పిన సిద్ధాంతమును ఆయన ఒప్పుకొనలేదు. తన వాదమునకు బలము చేకూర్చు ప్రయోగముల కొరకు ఆయన సీబెక్ సహాయము కోరెను. ఇరువురకును స్నేహము కుదిరెను. 1806 అక్టోబరులో నెపోలియన్ సైన్యము జేనా యుద్ధమున ప్రష్యా సైన్యము నోడించి ఆ ప్రాంతమును అల్లకల్లోలము చేసినపుడు సైతము సీబెక్ పరిశోధన ఆగలేదు.

1810 లో సీబెక్ ఒక వింతను ప్రకటించెను. వెండితో చేసిన సిల్వర్ క్లోరైడు అను లవణమును తడిగా కాగితముపై పూసి, పట్టకము గుండ వచ్చిన రంగుల వెలుగునందుంచగా, ఎరుపు పడినచోట ఎర్రని ఛాయయు, నీలము పడినచోట నీలి ఛాయయు కనబడెను. ఆ రంగులు చెదరకుండ నిలుపు ఉపాయము అతనికి దొరకలేదు. డాగెర్ ఛాయాచిత్రకళను లోకమునకు చూపిన 1839 వ సంవత్సరమునకు దాదాపు ముప్పదియేండ్ల ముందటి మాట యిది. ఈ వ్యాసమును గేటే అదే సంవత్సరము వెలువడిన తన వర్ణసిద్ధాంత గ్రంథమున చేర్చెను.

గాజులోని రంగులు

జేనా విడిచి సీబెక్ మొదట బైరోయిట్ పట్టణమునను, పిదప న్యూరెంబర్గు నందును నివసించెను. న్యూరెంబర్గులో నున్నపుడే 1813 ప్రాంతమున మరియొక వింతను కనుగొనెను. ఎర్రగ కాచిన గాజును త్వరితముగ చల్లార్చి, ధ్రువీకరింపబడిన వెలుగులో పట్టి చూచినచో ఆ గాజులో అందమైన రంగుల ముగ్గులు కనబడును. నెమ్మదిగా చల్లార్చిన గాజులో అవి కనబడవు. గాజు పైభాగము ముందుగను, లోభాగము వెనుకగను చల్లబడుటచేత లోపల బిగువు ఏర్పడి, ఆ బిగువే వెలుగును మార్చుచున్నదని నేడు మనకు తెలియును. పారిసులోని శాస్త్రపరిషత్తు 1816 లో ఈ విషయమున కృషి చేసిన స్కాట్లండు శాస్త్రజ్ఞుడు బ్రూస్టరునకును సీబెక్‌కును బహుమానము పంచి యిచ్చెను.

ఒకే వస్తువులో ఒక భాగము వేడిగను, వేరొక భాగము చల్లగను ఉన్నపుడు దాని గుణములు మారుట సీబెక్‌కు అప్పటికే పరిచితమైన సంగతి. ఈ పరిచయము అతనికి మరి కొన్ని యేండ్లకు అక్కరకు రానుండెను.

1814 లో బెర్లిన్ శాస్త్రపరిషత్తు అతనిని తన పండితులలో చేర్చుకొనెను. 1818 లో సీబెక్ బెర్లిన్ నగరమునకు మకాము మార్చెను. ఆ పరిషత్తువారు న్యూటన్ వర్ణసిద్ధాంతము నంగీకరించినవారు. వారి నడుమ మెలగుచున్న సీబెక్‌పై గేటేకు మనస్సు చల్లబడెను. ప్రయోగములు చేసి తోడ్పడిన స్నేహితుడు క్రమముగా దూరమయ్యెను. కవి పక్షమున గట్టిగ నిలుచుటయో, తాను చూచిన దానికి లోబడుటయో సీబెక్ తేల్చుకొనవలసి వచ్చెను. అతడు బహిరంగముగ కలహింపలేదు. తన పని తాను చేసికొనిపోయెను.

చేతిని శంకించిన పరిశోధకుడు

1820 లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హాన్స్ క్రిస్టియన్ అయిర్‌స్టెడ్ ఒక చిన్న ప్రయోగముతో ఐరోపా నంతటిని కదల్చెను. విద్యుత్తు ప్రవహించు తీగె దగ్గర నుంచిన దిక్సూచి ముల్లు పక్కకు తిరుగునని అతడు చూపెను. విద్యుత్తునకును అయస్కాంతమునకును గల బంధుత్వము మొదటిసారి కంటికి కనబడెను. బెర్లినులో సీబెక్ వెంటనే ఆ ప్రయోగమును పలువిధముల పరిశీలింప మొదలిడెను.

ఆ కాలమున విద్యుత్ప్రవాహమునకు ఆధారము వోల్టా ఘటము. రెండు లోహముల నడుమ ఆమ్లపు నీరో ఉప్పునీరో ఉండవలెను. నీరు లేక, వట్టి లోహములు రెండింటిని తాకించినంత మాత్రమున అయస్కాంత ప్రభావము పుట్టునా యని సీబెక్ పరీక్షింపదలచెను. బిస్మతు అను లోహపు బిళ్లను రాగిరేకుతో కలిపి, చేతితో అదిమి వలయము పూర్తిచేసెను. వలయము నడుమ అయస్కాంత సూచిక యుండెను. సూచిక తిరిగెను!

తొందరపాటు గలవాడైనచో లోహముల స్పర్శయే చాలునని వ్రాసికొని, అంతటితో సంతోషించి యుండును. సీబెక్ తన చేతినే శంకించెను. చేతి తడి యిందులో ఏమైన పని చేయుచున్నదా యని మొదట పరీక్షించెను. తడి కారణము కాదని తేలెను. పిదప చేయి తాకకుండ, పొడవైన కడ్డీలతో లోహములను అదిమి చూచెను. లోహములు మునుపటివలెనే తాకుచున్నవి. కాని సూచిక కదలలేదు. మరల చేతితో తాకగా కదలెను. చేతికిని కడ్డీకిని గల భేదమేమి? చేయి వెచ్చనిది. ఆ వెచ్చదనము ఒక అతుకునకు మాత్రమే సోకుచున్నది. రెండవ అతుకు చల్లగనే యున్నది.

ఆ మీదట మార్గము సుగమమయ్యెను. ఒక అతుకును దీపముతో కాచగా సూచిక మరింత తిరిగెను. ఒక దానిని కాచుటకు మారుగా రెండవ దానిని మంచుతో చల్లార్చినను అదే ఫలితము కలిగెను. కావలసినది వేడి కాదు, వేడిలోని భేదము. రెండతుకులును సమానముగ వేడెక్కినచో ఫలితము శూన్యము. బిస్మతు, రాగి జంటలో డిగ్రీకి పుట్టు విద్యుత్పీడనము వోల్టులో లక్షవ వంతునకు ఏడెనిమిది రెట్లు మాత్రమే. అంత స్వల్పమైనది సూచికను ఎట్లు కదల్చెనన్నచో, మందమైన లోహపు రేకులు ప్రవాహమునకు అడ్డు చెప్పవు గనుక. మానవుని దేహోష్ణము అయస్కాంత సూచికను కదల్చినట్లు ఇట్లు వెల్లడియయ్యెను.

1821, 1822 సంవత్సరములలో సీబెక్ ఈ ఫలితములను పలు పర్యాయములు పరిషత్తునకు నివేదించెను. సమగ్రమైన వ్యాసము పరిషత్తు సంపుటమున 1825 లో అచ్చయ్యెను. దొరకిన ప్రతి లోహమును, మిశ్రలోహమును, ఖనిజమును అతడు పరీక్షించి, వాని బలమునుబట్టి వరుసగ పేర్చెను. శుద్ధలోహముల పట్టికకు ఒక కొన బిస్మతు. రెండవ కొన ఆంటిమొనియు, దాని కావల టెల్లూరియమును. మన దేశమున కన్నులకు పెట్టుకొను సుర్మాలో వాడు గెలీనా యను సీసపు ఖనిజము సైతము అతడు పరీక్షించినవానిలో నుండెను.

పేరుపై వచ్చిన తగవు

ఇంత సూక్ష్మముగ పరిశీలించిన సీబెక్, చూచినదానికి అర్థము చెప్పుటలో పొరబడెను. ఉష్ణభేదమే లోహములను నేరుగా అయస్కాంతములుగ మార్చుచున్నదని అతడు నిశ్చయించుకొని, దీనికి ఉష్ణాయస్కాంతత్వమని పేరు పెట్టెను. వలయములో నీరు లేదు, రసాయనక్రియ లేదు. వట్టి లోహములలో విద్యుత్ప్రవాహ మెట్లు కలుగునని అతని సందేహము. దీనికితోడు మరియొక పెద్ద ఆశయు అతని నాకర్షించెను. భూమి స్వయముగా ఒక అయస్కాంతము గదా. భూమధ్యరేఖ వద్ద ఎండ, ధ్రువముల వద్ద మంచు. ఈ ఉష్ణభేదమే భూమి యయస్కాంతత్వమునకు మూలమని అతడు భావించెను. ప్రకృతిశక్తులన్నియు ఒక్కటియను జేనానాటి నమ్మకము ఇచట అతనిని తన వెంట లాగుకొనిపోయెను. భూమి యయస్కాంతత్వము లోపలి ద్రవలోహపు చలనమున పుట్టుచున్నదని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

అయిర్‌స్టెడ్ ఈ ప్రయోగముల సంగతి తెలిసికొని, వెంటనే అసలు విషయమును గ్రహించెను. ఉష్ణభేదమువలన వలయములో విద్యుత్తు ప్రవహించుచున్నది. ఆ విద్యుత్తే సూచికను త్రిప్పుచున్నది. అతడు 1823 లో పారిసు పరిషత్తు ముందు సీబెక్ పరిశోధనను కొనియాడి, దీనిని ఉష్ణవిద్యుత్తు అని పిలువవలెనని సూచించెను. ఫ్రెంచి గణితవేత్త ఫూరియేతో కలిసి బిస్మతు, ఆంటిమొని కడ్డీలను వరుసగా అతికి, పెక్కు జంటల బలమును ఒక్కటిగ కూర్చు తొలి పరికరమును నిర్మించెను. పేరును మార్చినను కీర్తిని మాత్రము సీబెక్‌కే విడిచిపెట్టెను. ఇది అయిర్‌స్టెడ్ సౌజన్యము.

సీబెక్ కొత్త పేరును అంగీకరింపలేదు. తన వ్యాసమునందు ఆ పేరును ఖండించి, తన వాదమునే బలపరచుకొనెను. కాని లోకము అయిర్‌స్టెడ్ పేరునే గ్రహించెను.

పండిన పంట

సీబెక్ వాదము నిలువకపోయినను, అతని పరికరము ఇతరుల చేతిలో ఫలింపసాగెను. జర్మనీలో గేయార్గ్ ఓమ్ అను గణితోపాధ్యాయుడు తీగెలలో విద్యుత్ప్రవాహము ఏ నియమమునకు లోబడునో తెలిసికొన గోరెను. వోల్టా ఘటముల బలము గడియ గడియకు తగ్గుచుండుటచే అతని లెక్కలు కుదరలేదు. పొగ్గెండార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై అతడు సీబెక్ కనుగొన్న బిస్మతు, రాగి జంటను ఉపయోగించెను. ఒక అతుకు మరుగు నీటిలో, రెండవది కరగు మంచులో నుంచగా స్థిరమైన ప్రవాహము లభించెను. 1826 లో ఓమ్ తన నియమమును సాధించెను. నేడు ప్రతి ఉన్నత పాఠశాల విద్యార్థియు చదువు ఓమ్ నియమము వెనుక సీబెక్ జంటలోహములు ఉన్నవన్నమాట.

ఇటలీలో నొబిలి, మెల్లోని అను శాస్త్రజ్ఞులు పెక్కు జంటలను దగ్గరగ కూర్చి, కొన్ని గజముల దూరమున నిలిచిన మనుష్యుని దేహోష్ణమును సైతము పసిగట్టు యంత్రమును 1831 లో వెలువరించిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 10 వ తేదీన సీబెక్ బెర్లిన్ నగరమున కన్నుమూసెను. అప్పటికి అతని వయస్సు అరువదియొక్క యేండ్లు. 1834 లో ఫ్రాన్సు దేశీయుడు పెల్టియే, అతుకు గుండ విద్యుత్తును పంపినచో అచట చల్లదనమో వేడిమియో పుట్టునని కనుగొనెను. 1835 లో బెకెరెల్, బ్రెషే అను ఇరువురు జంటలోహపు సూదులతో మనుష్య దేహములోని ఉష్ణోగ్రతను కొలిచిరి. చేతివేడిచే బయటపడిన రహస్యము తిరిగి దేహోష్ణమును కొలుచు సాధనమయ్యెను.

అయినను ఈ మార్గమున విద్యుత్తును విస్తారముగ పుట్టింపవచ్చునని పందొమ్మిదవ శతాబ్దమున ఎక్కువమంది తలపలేదు. లోహములు విద్యుత్తుతోపాటు వేడిని కూడ సులభముగ ప్రసరింపనిచ్చును. ఒక కొన కాచినచో రెండవ కొనయు త్వరలోనే వేడెక్కి, భేదము నశించును. కావలసిన పదార్థము విద్యుత్తునకు దారి యిచ్చి, వేడికి అడ్డుపడవలెను. డిగ్రీకి ఎక్కువ పీడనమును పుట్టింపవలెను. ఇట్టి గుణములు అర్ధవాహకములందు కలవని ఇరువదవ శతాబ్దమున రష్యా శాస్త్రజ్ఞుడు అబ్రాం అయొఫె చాటెను. 1950 ప్రాంతమున సోవియట్ పల్లెలలో కిరోసిన్ దీపపు వేడితోనే రేడియో పలికించు పరికరములు వాడుకలోనికి వచ్చెను. సీబెక్ పరీక్షించిన పదార్థములలోనే అర్ధవాహకములు కొన్ని ఉండెననియు, వానిని సరిగ జతపరచినచో ఆ దినములలోనే నూటికి మూడు వంతుల వేడిని విద్యుత్తుగ మార్చి, నాటి ఆవిరియంత్రములకు దీటుగ నిలువగలిగెడివాడనియు అయొఫె లెక్కగట్టెను. విద్యుత్తు కాదని నమ్మినవాడు విద్యుద్యంత్రమును ఏల వెదకును? పేరు తప్పినందుకు చెల్లిన వెల ఇది.

1954 లో బిస్మతు, టెల్లూరియముల సమ్మేళనమైన బిస్మతు టెల్లూరైడు సామాన్య ఉష్ణోగ్రతలలో మిక్కిలి సమర్థమైనదని ఇంగ్లండులో వెల్లడించిరి. సీబెక్ పట్టిక రెండు కొనలందున్న మూలకములే ఇచట కలిసికొనుట కాకతాళీయమే యైనను ముచ్చటగొలుపును. 1977 లో సూర్యమండలపు అంచులకు బయలుదేరిన వాయేజరు నౌకలకు దశాబ్దముల తరబడి విద్యుత్తు నిచ్చినదియు సీబెక్ సూత్రమే. ప్లుటోనియము వేడి ఒకవైపు, ఆకాశపు చలి రెండవవైపు.

దేహమునకు తొడిగిన విద్యుద్యంత్రము

1998 లో జపానులోని సైకో సంస్థ చేతివేడితో నడచు గడియారమును విక్రయమునకు పెట్టెను. అందులో బిగువైన చిన్న దిమ్మెలే యుండెను. నేటి పరిశోధకులు వంగు పరికరములను కోరుచున్నారు. అర్ధవాహకములు సాధారణముగ గాజువలె పెళుసు; వంచినచో పగులును. ఈ చిక్కును తప్పించుకొనుటకు మూడు మార్గములు తొక్కుచున్నారు. చిన్న చిన్న గట్టి దిమ్మెలను రబ్బరు వంటి పొరలో నాటి, వానిని సాగు తీగెలతోనో ద్రవలోహముతోనో కలుపుట మొదటి మార్గము. పదార్థమును పొడిచేసి సిరావలె కలిపి బట్టపైనను పలుచని ప్లాస్టిక్కుపైనను అచ్చొత్తుట, విద్యుద్వాహకములైన ప్లాస్టిక్కులనే వాడుట రెండవది. వెండి, గంధకముల సమ్మేళనమైన సిల్వర్ సల్ఫైడు లోహమువలె సాగి వంగగలదని చైనా శాస్త్రజ్ఞులు 2018 లో చూపిరి. అట్టి అర్ధవాహకములను బాగుపరచుట మూడవ మార్గము.

పదార్థము వంగినంతనే పని ముగియదు. దేహములోపల 37 డిగ్రీలు, గదిలో 22 డిగ్రీలు అనుకొందము. నడుమ 15 డిగ్రీల భేదము కలదు. ప్రకృతి నియమముచే ఈ భేదమునుండి రాబట్టదగిన పని, ఎంతటి యంత్రమునకైనను, ప్రవహించు ఉష్ణమున నూటికి అయిదు వంతులలోపే. అందులోను 15 డిగ్రీలు పరికరమునకు దక్కవు. చర్మము కొంత మ్రింగును; పరికరము పైన కదలక నిలిచిన గాలిపొర అధికభాగమును మ్రింగును. పరికరమునకు మిగులునది ఒకటి రెండు డిగ్రీలు. పలుచగ చేసినకొలది పరికరము చక్కగా వంగును. కాని పలుచబడినకొలది దానికి దక్కు భేదము తరుగును. మెత్తదనమునకును శక్తికిని ఇట్లు పోటీ. అందుచేత నేటి పరికరములు చదరపు సెంటీమీటరుకు సామాన్యముగ పది మొదలు కొన్ని పదుల మైక్రోవాట్ల వరకు మాత్రమే యిచ్చును. ఇది దీపమునకు చాలదు. కాని ముల్లుల గడియారమునకు ఒక మైక్రోవాటు ప్రాంతమున శక్తి చాలును.

మన తెలుగుదేశపు వేసవిని తలచుకొన్నచో ఈ విషయము మరింత తేటపడును. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నము గాలి 42 డిగ్రీలు దాటినపుడు చెమట పట్టిన చర్మము 35 డిగ్రీల ప్రాంతమున నుండును. అప్పుడు వేడి దేహమునుండి బయటికి పోదు. బయటినుండి దేహములోనికి వచ్చును. పరికరములో విద్యుత్తు వెనుకకు ప్రవహించును. గాలియు చర్మమును ఒకే వేడిలో నున్న వేళ అది పూర్తిగ ఆగిపోవును. వేడి కాదు, వేడిలోని భేదము ప్రధానమని రెండు వందల యేండ్ల నాడు సీబెక్ చూపిన సూత్రమే ఇది.

విద్యార్థులకు ఒక మాట

ఇనుప తీగె నొకదానిని, రాగి తీగెలు రెంటిని తీసికొని, ఇనుప తీగె రెండు కొనలకును రాగి తీగెలను మెలిపెట్టి, రాగి తీగెల మిగిలిన కొనలను సూక్ష్మమైన గాల్వనోమీటరునకు కలుపుడు. ఒక మెలికను కొవ్వొత్తి మంటలో నుంచి, రెండవ దానిని నీటిలో నుంచినచో ముల్లు కదలును. పిదప రెండు మెలికలను ఒకే పాత్రలోని వేడినీట ముంచి చూడుడు. ముల్లు సున్నకు తిరిగి వచ్చును. ఇంతటి సులభమైన ప్రయోగము ఏ పాఠశాలలోనైనను చేయదగినది.

ఈ ప్రయోగము చేయించు ఉపాధ్యాయుడు సీబెక్ కథను కూడ చెప్పినచో మేలు. ఒక డిగ్రీ భేదమునకు ఏ పదార్థము ఎంత విద్యుత్పీడనము నిచ్చునో తెలుపు సంఖ్యకు నేటి శాస్త్రగ్రంథములన్నియు సీబెక్ గుణకమని పేరు పెట్టినవి. ఆ గుణకమును కొలుచు ప్రమాణము డిగ్రీకి ఇన్ని వోల్టులు. తాను జీవితాంతము కాదన్న విద్యుత్తునకే అతని పేరు శాశ్వతముగ ముడిపడినది. అతడు ఏ పదార్థముతో, ఏ అతుకును కాచి, సూచిక ఎటు తిరుగగా చూచెనో దాచక, మార్చక వ్రాసి యుంచెను. ఆ వ్రాత నమ్మదగినది గనుకనే, దాని యర్థమును ఇతరులు సవరింపగలిగిరి. ప్రయోగ పుస్తకమున రావలసిన జవాబును ముందుగ వ్రాసికొని, పిదప అంకెలను దానికి సరిపెట్టు అలవాటు గల విద్యార్థికి, తన చేతినే శంకించిన ఈ పరిశోధకుని జీవితముకంటె మంచి పాఠము వేరొకటి దొరకదు.